గ్రోరుడ్‌లో చూడటానికి ఏమీ లేదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ ఆదివారం అనుబంధంలో ఓస్లో మీద వచ్చిన యాత్రా వ్యాసాన్ని ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెడితే చదివాను. ఒపేరా హౌస్, శిల్పాల పార్కు, ఫియర్డ్‌లో పడవ షికారు, అన్నీ ముచ్చటగా రాశారు, కాదనను. కానీ చివర్లో ఊరి తూర్పు శివార్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, అటువైపు సిమెంటు అపార్ట్‌మెంట్లు, వలస వచ్చినవాళ్లు తప్ప చూడటానికేమీ లేదని. ఆ ముక్క నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే అదే వ్యాసంలో మీరు ఫొటో వేసిన పార్లమెంటు సింహాలు ఆ తూర్పు శివారు రాయితో చెక్కినవే.

నేనుండేది ఆ శివారులోనే, గ్రోరుడ్ అనే చోట. ఊరి మధ్య నుంచి ఐదో నంబరు మెట్రో ఎక్కితే ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇక్కడి ఓ చిన్నపిల్లల బడిలో పనిచేస్తాను. పుట్టి పెరిగింది మాత్రం చీమకుర్తి దగ్గర. మా నాన్న గెలాక్సీ గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు, అందుకని రాయి కనిపిస్తే ఆగి చూడటం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే. నేను చెప్పొచ్చేది ఏమిటంటే, గ్రోరుడ్‌లో ఎవరు ఎక్కడ బతికారు, ఏ పని చేసుకున్నారు, ఏ బిల్డింగు ఎక్కడ లేచింది అన్నదంతా కాళ్ల కింద ఉన్న రాయీ, మట్టీ తేల్చినవే. ఆ కథ తెలిసినవాళ్లెవరూ దీన్ని ఏమీ లేని చోటు అనరు. ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నేల ఎలా ఉంటుందో చెప్తాను. గ్రోరుడ్ ఒక వెడల్పాటి లోయలో ఉంది. ఓస్లో జనాభాలో దాదాపు ఐదో వంతు మంది ఈ లోయలోనే ఉంటారు. ఉత్తరం పక్క కొండలు, వాటి మీద లిల్లోమార్కా అడవి. దక్షిణం పక్క ఇంకో వరస కొండలు, వాటి మీద ఓస్ట్‌మార్కా అడవి. మధ్యలో చదునుగా బంకమట్టి నేల, దాంట్లో ఆల్నా అనే చిన్న నది. పైకి చూస్తే రెండు పక్కలా ఒకే రకం పైన్, స్ప్రూస్ చెట్లు, ఒకే రకం కొండలు అనిపిస్తాయి గానీ రెండిటికీ పోలికే లేదు. దక్షిణం పక్కది నీస్ రాయి, వంద కోట్ల ఏళ్లు పైబడింది. ఉత్తరం పక్కది, అంటే మా ఇళ్ల వెనక ఉన్నది, గ్రానైట్‌ను పోలిన సైనైట్ అనే రాయి, వయసు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్య. ఈ రెండిటి మధ్యా, బంకమట్టి అడుగున, ఒకప్పటి సముద్రంలో పేరుకున్న షేల్ (బురద గట్టిపడి పలకలుగా విడిపోయే రాయి), సున్నపురాయి పొరలున్నాయి. ట్రైలోబైట్లు అనే, ఎప్పుడో అంతరించిన సముద్ర జీవుల శిలాజాలు దొరికే పొరలు అవి. మెట్రో దిగి లోయకు అడ్డంగా నడిచిన మనిషి మధ్యాహ్నం భోజనం వేళకి ఇన్ని యుగాల మీదుగా నడిచేసినట్టే.

ఇలా ఎందుకు పక్కపక్కన చేరాయంటే, ఆ సైనైట్ పుట్టిన కాలంలో ఇక్కడ భూమి పొర రెండు వైపులకీ లాగబడి పగిలింది. ఇప్పుడు తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ ఉంది కదా, అలాంటిదే ఇక్కడా మొదలైంది. మధ్య భాగం కిందికి కుంగింది, పగుళ్ల గుండా లావా పొంగింది, అగ్నిపర్వతాలు లేచాయి. పైకి రాలేక లోపలే ఆగిపోయిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి సైనైట్ అయింది. అందుకే దాని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవి. ఆ రిఫ్ట్ ఎందుకో పూర్తిగా చీలి సముద్రం కాకుండా మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత కోట్ల ఏళ్ల పాటు వానా, మంచూ పైన ఉన్నదంతా అరగదీసేస్తే, ఒకప్పుడు నేల లోతున ఉన్న రాయి ఇప్పుడు మా బడి వెనక పిల్లలు ఎక్కి దూకే బండ అయింది. కుంగిన భాగంలో ఉండిపోయాయి కాబట్టే ఆ శిలాజాల పొరలు కూడా మిగిలాయి. కుంగని పక్కన అవి ఏనాడో కొట్టుకుపోయాయి, అడుగునున్న నీస్ బయటపడింది.

ఈ రాళ్లు ఒకప్పుడు యూరప్‌లో పెద్ద గొడవకే కారణమయ్యాయి. 1800 ప్రాంతంలో జర్మనీలో వెర్నర్ అనే పెద్దాయన మాటే భూవిజ్ఞానంలో వేదం. ప్రపంచాన్ని కప్పిన ఆదిమ సముద్రంలోంచి అన్నిటికంటే ముందు పేరుకున్నది గ్రానైటేనని, అంతకంటే పాత రాయి ఉండదని ఆయన బోధించేవాడు. ఆయన శిష్యుడే లియోపోల్డ్ ఫాన్ బుక్. అతను 1806 నుంచి 1808 దాకా నార్వే అంతా తిరిగాడు. క్రిస్టియానియా చుట్టుపక్కల, అంటే ఇప్పటి ఓస్లో దగ్గర, శిలాజాలున్న సున్నపురాయి కింద ఉండగా దాని మీద గ్రానైట్ జాతి రాయి కూర్చుని ఉండటం కళ్లారా చూశాడు. జీవరాశి పుట్టి, చచ్చి, రాయిలో అచ్చు పడ్డాక గదా ఈ గ్రానైట్ వచ్చింది, మరి అన్నిటికంటే పాతది ఎలా అవుతుంది? గురువుగారి సిద్ధాంతానికి శిష్యుడి చేతనే బీటపడింది. 1837లో చార్లెస్ లైల్ అనే పేరున్న బ్రిటిష్ భూవిజ్ఞాని కూడా లండన్ నుంచి పనిగట్టుకుని వచ్చి, ఈ రెండు రాళ్లూ కలిసే చోట్లు చూసి వెళ్లాడు. వేడి శిలాద్రవం తాకిన చోట సున్నపురాయి పాలరాయిగా, షేల్ హార్న్‌ఫెల్స్ అనే గట్టి రాయిగా మారిపోయి ఉంటాయి. ఆ మార్పుల మీదే విక్టర్ గోల్డ్‌ష్మిట్ 1911లో, పాతికేళ్లు నిండకుండానే, ప్రపంచం గుర్తుపెట్టుకున్న థీసిస్ రాశాడు. భూరసాయన శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఆయన ఒకడు. యూదుడన్న నేరానికి 1942లో నాజీలు ఆయన్ని అరెస్టు చేసి, ఓస్లో రేవులో ఓడ ఎక్కించబోతూ ఆఖరి నిమిషంలో వదిలిపెట్టారు. ఆ తర్వాత స్వీడన్‌కు తప్పించుకున్నాడు. ఇది పక్కదారే అనుకోండి, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మా ఊరి పేరైతే నేరుగా రాళ్ల పుస్తకాల్లోకే ఎక్కింది. నార్వే భూవిజ్ఞానంలో పెద్ద తలకాయ బ్రోగర్, ఇక్కడ సన్నని గోడల్లా చొచ్చుకొచ్చిన ఓ పచ్చటి రాయికి గ్రోరుడైట్ అని పేరు పెట్టాడు. ఓస్లో ప్రాంతపు అగ్నిశిలల మీద ఆయన రాసిన గ్రంథమాలలో తొలి భాగం 1894లో అచ్చయితే, దాని పేరులో కూడా ఈ రాయి ఉంది. హైదరాబాదులో జియాలజీ చదివిన మా కజిన్‌తో గ్రోరుడ్‌లో ఉంటున్నానని చెప్తే, అపార్ట్‌మెంట్ల గురించి అడగలేదు, గ్రోరుడైట్ ముక్క ఒకటి తెచ్చిపెట్టమన్నాడు.

ఇక సింహాల సంగతి. నార్వే పార్లమెంటు భవనానికి 1861లో శంకుస్థాపన చేశారు, 1866కల్లా కట్టడం పూర్తయింది. దాని ముందు మెట్ల దారికి రెండు పక్కలా రెండు రాతి సింహాలుంటాయి. వాటి వల్లే ఆ మిట్టకు సింహాల మిట్ట అని పేరు, రాజకీయాల గురించి మాట్లాడేటప్పుడు పార్లమెంటుకు బదులు ఆ పేరే వాడేస్తుంటారు కూడా. నమూనా తయారుచేసింది క్రిస్టఫర్ బోర్క్ అనే శిల్పి. రాతిలో చెక్కింది మాత్రం ఒక ఖైదీ, గుడ్‌బ్రాండ్ ఎరిక్సెన్ మోర్‌స్టాడ్. మరణశిక్ష పడి, క్షమాభిక్షతో ప్రాణం దక్కించుకుని అకెర్స్‌హుస్ కోటలో శిక్ష అనుభవిస్తున్న మనిషి. ఆ రాయి మా గ్రోరుడ్‌ది. గ్రోరుడ్ కొండలో రాయి కొట్టినవాళ్లు కూడా ఆ కోట ఖైదీలే, సంకెళ్లతో పనిచేసే వాళ్లను ఆ రోజుల్లో బానిసలనే పిలిచేవాళ్లు. అందుకే ఆ చోటికి ఇప్పటికీ బానిసల కొండ అన్న పేరే నిలిచింది. దేశానికి చట్టాలు చేసే ఇంటి ముందర కాపలా కూర్చున్న సింహాలను చెక్కింది, చట్టం మరణశిక్ష వేసిన చేతులు. టూరిస్టులు ఆ సింహాల పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు, గైడ్లలో కొందరే ఈ సంగతి చెప్తారు. నాకైతే అటు వెళ్లినప్పుడల్లా పంజా దగ్గర ఆగి చూడటం అలవాటైంది. దగ్గరికెళ్లి చూస్తే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు లేత ఎరుపు గింజలు, మధ్యమధ్యలో నల్లటి చుక్కలు, ఎక్కడో ఓ చిన్న గుంట. ఆ గుంట ఉలి జారితే పడింది కాదు. శిలాద్రవం చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న గ్యాసు వదిలిన ఖాళీ. మా వెనక కొండలో అలాంటి ఖాళీల్లో బుల్లి స్ఫటికాలు మెరుస్తూ కనిపిస్తాయి.

ఖైదీల తర్వాత కూలికి పనిచేసే రాతి పనివాళ్లు వచ్చారు, వాళ్లలో స్వీడన్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. నార్వేలో మొట్టమొదటి రైలు 1854 సెప్టెంబరులో క్రిస్టియానియా నుంచి ఐడ్స్‌వోల్ దాకా 68 కిలోమీటర్లు నడిచింది, ఆ లైను ఈ లోయ గుండానే పోతుంది, గ్రోరుడ్‌కి స్టేషనూ వచ్చింది. బరువైన సరుక్కి దారి దొరికింది. ఊరు పెరుగుతున్న కొద్దీ పునాదులకు, మెట్లకు, వీధుల్లో పరిచే రాళ్లకు, అన్నిటికీ రాయే కావాలి మరి. 1902లో కట్టిన గ్రోరుడ్ చర్చి కూడా ఇక్కడి రాయితోనే కట్టింది. నాకు వాస్తు శైలుల గురించి తెలీదు గానీ, వాన పడి తడిసినప్పుడు ఆ గోడల ఎరుపు బయటికొస్తుంది, అది చూడాలి.

ఒకసారి పిల్లల్ని అడవి అంచున నడకకు తీసుకెళ్లాం. ఇక్కడ వానొచ్చినా మంచుపడినా చిన్నపిల్లల్ని బయట తిప్పాల్సిందే, అదో పద్ధతి. దారి పక్కన నాచు పట్టిన నిలువు బండ ఒకటి ఉంది. ఐదేళ్ల బాబు ఒకడు దానికేసి చూపించి, రాతిలో గొట్టాలెవరు పెట్టారని అడిగాడు. దగ్గరికెళ్లి చూస్తే బండ అంచు పొడవునా వరసగా, జానెడు జానెడు దూరంలో, నిలువునా సగం గొట్టం ఆకారంలో గాళ్లు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే అవి. రాతి మీద ఒకే వరసలో రంధ్రాలు వేసి, వాటిల్లో ఇనప మేకులు దిగేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కొక్క దెబ్బ కొట్టుకుంటూ పోతే కాసేపటికి ఒక చప్పుడుతో బండ రెండుగా విచ్చుకుంటుంది. ప్రతి రంధ్రమూ సగం విడిపోయిన ముక్కతో పోతుంది, సగం కొండకే మిగులుతుంది. ఇక్కడ మిగిలినవి ఆ సగాలే, మిగతా సగాలు ఓస్లోలో ఏదో మెట్టులోనో గోడలోనో ఉంటాయి. ఆ పిల్లాడు ప్రతి గాడిలోనూ వేలు పెట్టి తీసి, మా నడక మొత్తం అక్కడే ఆపేశాడు. కాంక్రీటు, తారు వచ్చాక ఈ పనికి గిరాకీ పడిపోయింది. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడటం ఈ పనికి ఎక్కడైనా తప్పని శాపమే, చీమకుర్తి వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది.

రాయి మాట వచ్చింది కాబట్టి మన పాఠకులకు దగ్గరి సంగతి ఒకటి. మన దగ్గర గ్రానైటు షాపుల్లో బ్లూ పెర్ల్ అని, నల్లటి నీలం మీద వెండి నీలం మెరుపులున్న రాయి అమ్ముతారు చూడండి, డబ్బున్నవాళ్లు వంటింటి గట్టుకు వేయించుకుంటారు. అది నార్వేదే. ఓస్లోకి నైరుతిగా లార్విక్ అనే ఊరి దగ్గర దొరుకుతుంది, రాయి పేరు లార్వికైట్. మా గ్రోరుడ్ రాయి పుట్టిన ఆ రిఫ్ట్‌లోనే అదీ పుట్టింది, ఒక రకంగా అక్కచెల్లెళ్లు. 2008లో దాన్ని నార్వే జాతీయ శిలగా ఎంచుకున్నారు. ఆ మెరుపు రంగు వల్ల వచ్చింది కాదు, ఫెల్డ్‌స్పార్ లోపల అతి పలచటి పొరల మీద వెలుగు చెదరడం వల్ల. ఇంకో తమాషా, ఆ బ్లూ పెర్లూ, మా చీమకుర్తి గెలాక్సీ, ఈ గ్రోరుడ్ గ్రానైటూ, వ్యాపారంలో మూడూ గ్రానైటే, జియాలజిస్టునడిగితే ఒక్కటీ కాదంటాడు. మా నాన్న ఇక్కడికొచ్చినప్పుడు ఆ సగం గొట్టాల బండ దగ్గర నిలబడి చాలాసేపు దూరాలు కొలిచి చూసుకున్నారు, వీళ్లు మేకులు మరీ దగ్గర దగ్గరగా దించారని తేల్చారు.

ఇప్పుడు మట్టి సంగతికి వస్తాను, అసలు భయం అక్కడే ఉంది. మంచుయుగంలో ఈ దేశం మీద కిలోమీటరుకు మించిన మందాన మంచు కూర్చుంది. ఆ బరువుకి నేల కుంగిపోయింది. సుమారు పదీ పదకొండు వేల ఏళ్ల కిందట మంచు ఈ ప్రాంతం వదిలి వెనక్కి పోతుంటే, కుంగిన నేల మీదికి సముద్రం వచ్చేసింది. ఓస్లో చుట్టుపక్కల అప్పటి సముద్ర మట్టం ఇప్పటి మట్టం కంటే 220 మీటర్ల ఎత్తున ఉండేది. అంటే ఈ లోయంతా నీళ్ల అడుగే. మంచు అరగదీసిన రాతి పిండి ఆ ఉప్పు నీళ్లలో నెమ్మదిగా దిగి మందపాటి బంకమట్టి అయింది. బరువు పోయాక నేల మళ్లీ లేవడం మొదలుపెట్టింది, ఇప్పటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్లు లేస్తూనే ఉంది. సముద్రం వెనక్కి పోయి ఆ బంకమట్టి బయటపడింది. పంటకి దివ్యమైన నేల. అందుకే ఈ లోయలో ఎప్పటి నుంచో పొలాలూ, పెద్ద రైతుల ఇళ్లూ చదును మీద ఉంటే, భూమి లేనివాళ్లు, రాయి కొట్టుకునేవాళ్లు కొండ పక్కకు చేరారు. కులం సంగతి తెలిసిన మనవాళ్లకు ఈ పంపకం అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఆ చదును నేలే తర్వాత ఈ లోయ కొంప ముంచింది. పరిశ్రమలకూ గోదాములకూ చదును కావాలి, రైలు యార్డుకూ పెద్ద రోడ్డుకూ చదునే కావాలి. నార్వేలోకెల్లా పెద్ద సరుకు రవాణా టెర్మినల్ ఆల్నాబ్రూ ఇక్కడే ఉంది. ఆల్నా నదిని చాలా చోట్ల గొట్టాల్లో పెట్టి పైన మట్టి కప్పేశారు. పదిహేడు కిలోమీటర్ల నది, సగం దారిలో ఎక్కడుందో కూడా తెలీని పరిస్థితి. మళ్లీ ఇప్పుడు కొంచెం కొంచెంగా బయటికి తీస్తున్నారు. 2007 నుంచి ప్రభుత్వమూ, నగరపాలికా కలిసి ఈ లోయ బాగుకు డబ్బు పెడుతున్నాయి, 2013లో తెరిచిన గ్రోరుడ్ పార్కులో నది పక్కనే నడవొచ్చు.

1948 దాకా ఇదంతా ఓస్లో కానే కాదు, చుట్టూ ఉన్న ఆకెర్ అనే గ్రామీణ మునిసిపాలిటీ. ఆ ఏడాది దాన్ని ఓస్లోలో కలిపేశారు. యుద్ధం తర్వాత ఇళ్లకు కటకట, ఒకే గదిలో రెండేసి కుటుంబాలు. నగరానికి భూమి దొరకగానే సహకార సంఘాల చేత వేల ఫ్లాట్లు కట్టించారు. 1966లో మెట్రో గ్రోరుడ్ దాకా వచ్చింది. పక్కనున్న అమ్మెరుడ్‌లో ఆ పెద్ద పెద్ద బిల్డింగులు, మీ వ్యాసంలో వెక్కిరించినవి, ఆ రోజుల్లో లేచినవే. వాటిలోకి మొదట వచ్చిన కుటుంబాలకు సొంత బాత్రూమూ వేడి నీళ్లూ ఉండటమే పండగ. పొలాలు పోను మిగిలింది బండ నేల, దాన్నీ వదల్లేదు. రొమ్‌సోస్ అనే కాలనీని కొండ మీదే కట్టారు. చుట్టూ ఒక రింగు రోడ్డు, లోపలికి కార్లు రావు, పిల్లలు వీధుల్లో ఆడుకోవచ్చు. 1974లో తెరిచిన అక్కడి మెట్రో స్టేషను కొండ కడుపులో తొలిచిందే. ప్లాట్‌ఫారం మీద నిలబడితే గరుకు రాతి గోడలు కళ్లెదుటే ఉంటాయి. టికెట్ లేకుండా జియాలజీ మ్యూజియం చూడాలంటే ఇదొక్కటే దారి, అయితే టికెట్ మెట్రోకి మాత్రం కొనండి, చెకింగ్ వాళ్లు ఊరుకోరు. ఆ పైన అడవి మొదలవుతుంది. 2009 నుంచి అడవి సరిహద్దుకు ప్రత్యేక చట్టమే ఉంది కాబట్టి బిల్డింగులు అక్కడితో ఆగాల్సిందే.

వలస వచ్చినవాళ్లని మీరు ఏదో లోపంలా రాశారు. ఈ లోయకు రాయి కొట్టడానికి వచ్చిన స్వీడన్ వాళ్లూ వలస వచ్చినవాళ్లే కదండీ. తర్వాత పాకిస్తాన్ వాళ్లు, శ్రీలంక తమిళులు, సోమాలియా వాళ్లు, ఇప్పుడు మనం. అమ్మెరుడ్‌లో శ్రీలంక తమిళులు నడిపే సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, మనవాళ్లు చాలామంది పండగలకు అక్కడికే వెళ్తారు. మా బడిలో పిల్లలు ఇళ్లలో ఎన్నెన్నో భాషలు మాట్లాడతారు, బండ మీద నుంచి దూకేటప్పుడు అందరూ అరిచేది నార్వేజియన్‌లోనే.

దక్షిణం పక్క జరిగిన ఓ సంగతి కూడా చెప్పాలి, రాయినీ మట్టినీ విడివిడిగా చూస్తే ఏమవుతుందో దాంట్లో ఉంది. ఎయిర్‌పోర్టు రైలు కోసం ఓస్లో నుంచి లిల్లెస్ట్రోమ్ వైపు 14.6 కిలోమీటర్ల రూమెరిక్స్‌పోర్టెన్ సొరంగం తవ్వారు. నీస్ గట్టి రాయి, సొరంగానికి ఢోకా లేదనుకున్నారు. కానీ రాతిలో పగుళ్లుంటాయి, పగుళ్లలో నీళ్లుంటాయి. 1997లో ఆ నీళ్లు సొరంగంలోకి కారాయి, పైన ఓస్ట్‌మార్కా అడవిలో చెరువుల మట్టం పడిపోయింది. హెల్లెరుడ్ దగ్గర రాతి మీద బంకమట్టి, ఆ మట్టి మీద ఇళ్లు. అడుగున నీటి ఒత్తిడి తగ్గేసరికి మట్టి కుదించుకుపోయి ఇళ్లు కుంగాయి, గోడలు బీటలిచ్చాయి. కారడం ఆపడానికి వాడిన రసాయనంలో విషముందని బయటపడి అదో గొడవ. చివరికి 1999లో గానీ సొరంగం తెరవలేదు. మన దగ్గర పక్క ప్లాటులో లోతుగా బోరు వేస్తే మన బావి ఎండటం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం క్విక్ క్లే. సముద్రంలో పేరుకున్న బంకమట్టి రేణువులు పేకమేడలా ఒకదాని మీద ఒకటి అంచుల మీద నిలబడి ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది నీళ్లలోని ఉప్పు. నేల పైకి లేచాక వేల ఏళ్ల పాటు వాన నీళ్లూ ఊట నీళ్లూ ఆ ఉప్పును కడిగేస్తాయి. ఆకారం అలాగే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. పైన పచ్చిక, పొలం, ఇళ్లు, ఎవరికీ ఏమీ తెలీదు. ఎవరో అడుగున తవ్వినా, అంచు మీద మట్టి పోసినా, వాగు ఒడ్డు కోసుకుపోయినా, ఒక చోట కూలడం మొదలై క్షణాల్లో మట్టంతా ద్రవమై పారిపోతుంది. 1893లో వెర్‌డాల్‌లో 116 మంది పోయారు. 1978లో రిస్సాలో ఒక రైతు కొట్టం పెంచుకోవడానికి తవ్విన మట్టిని చెరువు ఒడ్డున పోశాడు, అంతే, దాంతో మొదలైన కూలడం పొలాల్ని, ఇళ్లను తీసుకుపోయింది. ఆ రోజు ఎవరో కెమెరాతో తీసిన దృశ్యాలను ఇప్పటికీ ప్రపంచమంతా ఇంజనీరింగ్ విద్యార్థులకు చూపిస్తారు. మా గ్రోరుడ్ నుంచి కారులో అరగంట దూరంలో ఉన్న యెర్‌డ్రుమ్‌లో, 2020 డిసెంబరు 30 తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా కాలనీలో కొంత భాగం అలా జారిపోయింది. పదిమంది చనిపోయారు, వెయ్యి మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ, పక్కన పారే చిన్న వాగు ఏళ్ల తరబడి ఒడ్డును కోసేయడమూ, ఆ శరత్కాలంలో పడిన విపరీతమైన వానలూ కారణమని తేల్చింది. చిన్న వాగు. ఎవరూ పట్టించుకోని వాగు. ఆ వారమంతా ఇక్కడ మన గ్రూపుల్లో ఒకటే టెన్షన్, ఆ చుట్టుపక్కల ఇళ్లు తీసుకున్న మనవాళ్లు బ్యాంకు లోన్ల గురించి కాదు, పెరట్లో మట్టి గురించి మాట్లాడుకున్నారు.

ఓస్లో చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునే మన తెలుగువాళ్లకు, వాళ్ల ఇండియాలోని అమ్మానాన్నలకు మీ పత్రిక ద్వారా కొన్ని మాటలు చెప్పడం ఈ ఉత్తరంలో నాకున్న రెండో పని. వంటగది, బాల్కనీ, బడి దూరం చూస్తారు, మంచిదే. నార్వే భూవిజ్ఞాన సర్వే వెబ్‌సైటులో ఏ స్థలం కింద ఏ రాయి, ఏ మట్టి ఉందో, పాత సముద్ర మట్టం ఎక్కడి దాకా ఉండేదో మ్యాపులు ఉచితంగా ఉంటాయి. జలవనరుల, ఇంధన డైరెక్టరేటు వాళ్ల మ్యాపులో గుర్తించిన క్విక్ క్లే ప్రమాద ప్రాంతాలుంటాయి. ఆ పాత సముద్ర మట్టానికి దిగువన, వాగు పక్కన, వాలు మీద ఇల్లైతే తప్పకుండా చూడండి. మ్యాపులో రంగు పడినంత మాత్రాన ఇల్లు కూలుతుందని కాదు, పరిశీలన జరిగిందా, ఒడ్డు కట్టారా అని మునిసిపాలిటీని అడగాలని అర్థం.

ఇల్లు కొనేముందు చూడాల్సిన రెండో సంగతి రేడాన్. లోయ అడుగున ఉన్న పాత షేల్‌లో ఒక రకం, ఆలం షేల్, దాంట్లో యురేనియం ఎక్కువ. అది క్షీణిస్తుంటే రంగూ వాసనా లేని రేడాన్ గ్యాసు పుడుతుంది, నేల పగుళ్ల గుండా ఇంట్లోకి వస్తుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెరుగుతుంది. అదే షేల్ గాలీ నీరూ తగిలితే ఉబ్బి పునాదుల్ని లేపేస్తుంది, దాంట్లోంచి పుట్టే ఆమ్లం కాంక్రీటును తినేస్తుంది, అది ఇంకో బెడద. ఇంటి గాలిలో రేడాన్ ఘనపు మీటరుకు 100 బెకెరళ్లు (రేడియోధార్మికతకు కొలత) దాటితే తగ్గించే పని మొదలుపెట్టాలి, 200 మించకూడదు. అద్దెకిచ్చే ఇళ్లకు 2014 నుంచి ఇది తప్పనిసరి. కొలిచేది అరచేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బీ. అక్టోబరు సగం నుంచి ఏప్రిల్ సగం లోపు కనీసం రెండు నెలలు ఇంట్లో పెట్టి ల్యాబుకు పంపాలి. వేసవిలో కిటికీలు తెరిచి కొలిచిన లెక్క పనికిరాదు. నేల అంతస్తూ, బేస్‌మెంటూ ఉన్న ఇళ్లకే ఈ బెడద ఎక్కువ, పై అంతస్తు ఫ్లాట్లకు అంతగా ఉండదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉంటారని బేస్‌మెంటులో గది వేయించుకునే మనవాళ్లు ఎక్కువ కాబట్టి చెప్తున్నాను, చలికాలంలో కొలిచిన కాగితం చేతికి రాకుండా సంతకం పెట్టకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గ్రోరుడ్, ఓస్లో